ఫోన్ బాగానే ఉంది, ముంబై బాగానే ఉంది

వెబ్‌సైట్ తెరుచుకోకపోతే మన ఇళ్ళల్లో మొదట వచ్చే మాట ఒకటే. "నీ నెట్ మంచిగ లేదు." ఆ తర్వాత "ఫోన్ బంద్ జేసి మళ్ళ చాలూ చెయ్యి." అదీ కాకపోతే "బయటికి వోయి చూడు, సిగ్నల్ వస్తది." ఈ మూడు మాటల్లోనూ తప్పు మనవైపే ఉందని ముందే ఒప్పేసుకుంటున్నాం. ఆఫీసుకు పోయి అడిగితే అక్కడివాళ్ళూ ఇదే అంటారు కాబట్టి మన అనుమానం నమ్మకంగా మారిపోతుంది. చాలాసార్లు ఇది నిజం కాదని నేనంటాను. నిజం కాదని చెప్పేది కూడా ఎవరో కాదు, తెరుచుకోని ఆ పేజీయే. అందులో తప్పు ఎవరిదో రాసి ఉంటుంది. కానీ ఇంగ్లీషులో, పక్కన ఒక మూడంకెల నంబరుతో ఉంటుంది కనుక మనం చదవకుండా మూసేస్తాం.

తెలుగు డిపార్ట్‌మెంట్ గోడ మీద కంప్యూటర్ గొడవ ఏంటని కంప్యూటర్స్ సెక్షన్ అమ్మాయిలు నవ్వొచ్చు. ఒక పేజీని సరిగ్గా చదవడం గురించే కదా నేను రాస్తున్నది. అది మన సబ్జెక్టే.

ఇంత పట్టుదల ఎందుకంటే, పోయిన సంవత్సరం మా చెల్లె విషయంలో జరిగింది చూశాను కనుక. మా చిన్నమ్మవాళ్ళు ముంబైలో, కామాఠిపురలో ఉంటారు. (ఆ పేరు వినగానే కొందరు ముఖం ఒకలా పెడతారు. ఆ సంగతికి తర్వాత వస్తా.) చిన్నాయన సెంట్రింగ్ పని చేస్తాడు. ఒకే ఖోలీ, నలుగురు మనుషులు, నెట్ ఉన్న ఫోన్ ఒకటి. చెల్లె ఒక చోట ఫీజు సాయం కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. చివరి రోజు, రాత్రి పన్నెండు లోపు. చిన్నాయన పని నుంచి వచ్చేసరికి ఎనిమిదయింది, ఫోన్ చేతికొచ్చింది, సైట్ తెరిస్తే తెల్లటి పేజీ మీద 522 అని వచ్చింది. ఖోలీలోంచి గ్యాలరీలోకి వచ్చి చూసింది. మెట్లెక్కి పైకి పోయింది. పక్క గల్లీలో జిరాక్స్ దుకాణంలో డబ్బులిచ్చి వాళ్ళ కంప్యూటర్‌లో చూసింది. అంతటా అదే 522. పదకొండున్నరకు నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ఆ పేజీ ఫొటో పంపమన్నాను.

ఆ ఫొటోలో మూడు బొమ్మలు వరసగా ఉన్నాయి. మొదటిది బ్రౌజర్, దాని మీద ఆకుపచ్చ టిక్కు. రెండోది ఒక మేఘం, కింద ముంబై అని ఊరి పేరు, అక్కడా ఆకుపచ్చ టిక్కే. మూడోది హోస్ట్, అంటే ఆ ఆఫీసు సర్వర్. దాని మీద మాత్రం ఎర్రటి ఇంటూ గుర్తు. ఇంతకంటే తేటగా ఎవరు చెప్తారు? నీ ఫోన్ బాగానే ఉంది, మధ్యలో ముంబై బాగానే ఉంది, అవతలి ఆఫీసే పలకడం లేదు అని బొమ్మలేసి మరీ చెప్పింది. మర్నాడు చిన్నాయన పనికి నాగా పెట్టుకుని ఆ ఫొటో పట్టుకొని పోతే, కౌంటర్ దగ్గర మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "మీ ఏరియాలో నెట్ ప్రాబ్లం ఉంటది" అన్నాడట.

అసలు ఆ మధ్య మేఘం ఏంటి, దాని కింద ముంబై అని ఎందుకుంది? దాన్నే కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్ అంటారు, పొట్టిగా సీడీఎన్. పేరు పెద్దదే గానీ పని మనకు తెలిసిందే. కామాఠిపురలో ఒక తెలుగు కిరాణం ఉందనుకోండి. నిజామాబాద్ పసుపు, జొన్నలు, కారం, చింతపండు అన్నీ ఊరి నుంచి తెప్పించి పెట్టుకుంటాడు. చిన్నమ్మకు పసుపు కావాలంటే నిజామాబాద్ పోనక్కర్లేదు, గల్లీ చివరికి పోతే చాలు. సీడీఎన్ కంపెనీలు చేసేదీ ఇదే. ప్రపంచంలో వందల నగరాల్లో సర్వర్లు పెట్టి, అసలు సర్వర్ ఎక్కడో ఉంటే దాని బొమ్మలు, వీడియోలు, పేజీల నకళ్ళు అక్కడ దాచుకుంటాయి. మనం అడగ్గానే దగ్గరున్న దుకాణం నుంచి ఇస్తాయి.

ఇలా ఎందుకంటే దూరం నిజంగానే దూరం. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వినడానికి చాలా వేగం. కానీ ముంబై నుంచి అమెరికా పదమూడు వేల కిలోమీటర్ల దాకా ఉంటుంది, కేబుల్ సముద్రాలు చుట్టి పోతుంది కనుక ఇంకా ఎక్కువ. ఒక్క పేజీ తెరవడానికి అటూ ఇటూ పలకరింపులు చాలాసార్లు జరగాలి. అన్నీ కలిస్తే చేతిలో ఫోన్ పట్టుకొని ఎదురుచూసేంత ఆలస్యం అవుతుంది. 1990లలో ఇదే పెద్ద తలనొప్పి. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బర్నర్స్ లీ అమెరికాలో ఎంఐటీలో తన తోటివాళ్ళ ముందు ఈ సమస్య పెడితే, అక్కడి లెక్కల ప్రొఫెసర్ టామ్ లేటన్, ఆయన విద్యార్థి డేనియల్ లెవిన్ కలిసి దానికి లెక్క కట్టారు. 1998లో అకమై అనే కంపెనీ పెట్టారు. సీడీఎన్ వ్యాపారం గట్టిగా మొదలైంది అక్కడే. 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్ టవర్లను గుద్దిన మొదటి విమానంలో లెవిన్ ఉన్నాడు. వయసు 31. ఆ రోజు వార్తల సైట్ల మీద పడ్డ జనాన్ని మోసినవాటిలో ఆయన కట్టిన నెట్‌వర్క్ ఒకటి. ఈ సంగతి చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

దుకాణం దగ్గరికే మళ్ళీ వస్తా. పసుపు ముందే తెచ్చి పెట్టుకోవచ్చు. కానీ "మా ఇంటి పట్టా కాగితం మీద సర్పంచ్ సంతకం కావాలి" అంటే కిరాణం అతని దగ్గర ఉండదు. ఊరికి ఫోన్ చేయాల్సిందే. వెబ్‌సైట్‌లో కూడా అంతే. లోగో, ఫొటోలు, నోటిఫికేషన్ పీడీఎఫ్ అందరికీ ఒకటే, అవి దాచిపెట్టుకోవచ్చు. నా పేరు, నా దరఖాస్తు, నాకొచ్చే ఓటీపీ, నేను కట్టే డబ్బు మాత్రం నా ఒక్కదానివే. అవి ప్రతిసారీ అసలు సర్వర్ దాకా పోయి రావాలి. ఫలితాల రోజు హోమ్ పేజీ టక్కున వచ్చి, హాల్‌టికెట్ నంబరు కొట్టగానే గుండ్రంగా తిరుగుతూ కూర్చునేది అందుకే. హోమ్ పేజీ దుకాణంలోది, మార్కులు ఊళ్ళోవి.

ఇప్పుడు ఆ మూడంకెల సంగతి. క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ సేవ వాడే సైట్లలో ఇవి కనిపిస్తాయి. నాకు అర్థమైన పద్ధతిలో చెప్తా. దుకాణదారు ఊరికి ఫోన్ చేశాడు. రింగయింది, ఎవరూ ఎత్తలేదు, అది 522. చేయగానే అవతలివాళ్ళు కట్ చేశారు, అది 521. ఎత్తారు గానీ ఏం మాట్లాడారో తలా తోకా లేదు, 520. అసలు ఆ ఊరికి దారే దొరకలేదు, 523. ఇద్దరూ గుర్తుమాట చెప్పుకునే దగ్గర తేడా వచ్చింది, 525. అన్నిట్లోకీ నాకు భయం వేసేది 524. అవతల ఫోన్ ఎత్తి, "ఆ, ఉండు, చూసి చెప్తా" అని పక్కన పెట్టి పోయి, నిమిషంన్నర దాటినా తిరిగి రాలేదు. ఇక్కడ దుకాణదారు విసుగొచ్చి పెట్టేస్తాడు. కానీ అక్కడ లోపల ఆ మనిషి పని చేసే ఉండొచ్చు! అంటే మన ఫారం చేరే ఉండొచ్చు, డబ్బు కట్టయ్యే ఉండొచ్చు. అందుకని 524 వస్తే వెంటనే మళ్ళీ 'పే' నొక్కకండి. ముందు బ్యాంకు మెసేజ్ చూడండి, కాసేపు ఆగి లాగిన్ అయి చూడండి. 522కైతే ఆ భయం తక్కువ. అవతల ఎవరూ ఎత్తలేదు కాబట్టి మన మాట పోనేలేదు.

వీటన్నిటిలో ఉమ్మడి సంగతి గమనించండి. మన ఫోన్ మధ్య దుకాణం దాకా చేరింది కాబట్టే ఈ పేజీ మనకు కనిపించింది. మన నెట్టే లేకపోతే ఈ నంబరు కూడా రాదు, ఆ డైనోసార్ బొమ్మ వస్తుంది. డైనోసార్ వస్తే తప్పు మనవైపు, నిజమే, గ్యాలరీలోకి పోవచ్చు. 520 నుంచి 525 దాకా ఏది వచ్చినా గ్యాలరీలోకి పోవడం దండగ. చెల్లె ఆ రాత్రి ఎక్కిన మెట్లన్నీ దండగే. తోచిన పని చేసింది, ఎవరూ వేరే మాట చెప్పలేదు.

"ఏరియాలో నెట్ ప్రాబ్లం" అన్న ఆ మాటకు ఇంకో జవాబు కూడా ఉంది. సముద్రం అడుగున వచ్చే కేబుళ్ళు మన దేశంలో ఎక్కువగా ఒడ్డెక్కేది ముంబైలో, తర్వాత చెన్నైలో. 1995 ఆగస్టు 15న మామూలు జనానికి ఇంటర్నెట్ మొదట ఇచ్చింది వి.ఎస్.ఎన్.ఎల్. దాని భవనం ముంబై ప్రభాదేవిలో ఉంది. మన తెలంగాణ మిల్లు కార్మికుల చాళ్ళు ఉన్న ప్రభాదేవే అది. కామాఠిపుర నుంచి కూడా ఎంతో దూరం కాదు. ఇక్కడ మన దగ్గర కూర్చుని సైట్ తెరిచినా కొన్నిసార్లు ఆ మేఘం కింద ముంబై అనే పడుతుంది. దేశంలో ఇంటర్నెట్ గుమ్మం ముందు కాపురం ఉన్న పిల్లను పట్టుకొని "మీ దగ్గర నెట్ రాదు" అన్నారన్నమాట. 2008 జనవరి 30న ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గర కేబుళ్ళు తెగినప్పుడు దేశమంతా నెట్ నీరసించింది. అలాంటప్పుడు ఆ మాట అంటే ఒప్పుకుంటాను.

మధ్య దుకాణం తప్పు ఎప్పుడూ ఉండదా అంటే, ఉంటుంది. 2025 నవంబర్ 18 సాయంత్రం ఐదింటి ప్రాంతంలో మీలో చాలామంది చాట్‌జీపీటీ రావడం లేదని గోల చేసుంటారు. ఎక్స్ కూడా రాలేదు. ఆ రోజు ఎర్ర గుర్తు పడింది మధ్య మేఘం మీద. క్లౌడ్‌ఫ్లేర్ లోపల ఒక డేటాబేస్ అనుమతుల్లో చేసిన మార్పు వల్ల, రోబోలను పసిగట్టే సాఫ్ట్‌వేర్ చదివే ఫైలు రెట్టింపు పెద్దదైపోయింది. అంత పెద్ద ఫైలును మింగలేక ఆ సాఫ్ట్‌వేర్ కుప్పకూలింది. మన టైము రాత్రి ఎనిమిదికల్లా చాలావరకు సర్దుకుంది. అంతకు ముందు 2021 జూన్ 8న ఫాస్ట్‌లీ అనే ఇంకో సీడీఎన్‌లో ఒక్క కస్టమర్ తన సెట్టింగులు మార్చుకుంటే, లోపల దాగి ఉన్న ఒక బగ్ నిద్రలేచి నెట్‌వర్క్‌లో 85 శాతం ఎర్రర్లు ఇచ్చింది. కొన్ని కంపెనీలే ప్రపంచానికంతా కిరాణం నడిపితే ఇట్లాగే అవుతుంది. అది వేరే పెద్ద చర్చ. నాకు నచ్చిన సంగతి ఏంటంటే, ఆ రెండు సార్లూ కంపెనీలు ఏ గంటకు ఏం జరిగింది, తప్పు ఎక్కడ, అని పూసగుచ్చినట్టు రాసి, క్షమించమని అడిగాయి. "మీ ఏరియాలో నెట్ ప్రాబ్లం" అనలేదు.

ఇప్పుడు ఆ ఏరియా సంగతికి వస్తా. కామాఠిపుర పేరులో ఉన్నది మన 'కామాటి'. హాస్టల్లో ఉండేవాళ్ళకు ఈ మాట తెలుసు, సంక్షేమ హాస్టళ్ళలో వంటమనిషి, వాచ్‌మన్‌తో పాటు కామాటి పోస్టు ఉంటుంది. పద్దెనిమిదో శతాబ్దం చివరి రోజుల నుంచి నిజాం రాజ్యంలోని ఊళ్ళు వదిలి కూలికి బొంబాయి పోయిన తెలుగువాళ్ళను అక్కడ కామాఠీలు అన్నారు. ఆ నగరానికి రోడ్లు వేశారు, బిల్డింగులు కట్టారు. వాళ్ళున్న చోటు కామాఠిపుర అయింది. తర్వాత కరీంనగర్, నిజామాబాద్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి పద్మశాలీలు బట్టల మిల్లుల్లో పనికి పోయి వర్లీ, లోయర్ పరేల్, ప్రభాదేవి చాళ్ళల్లో ఉన్నారు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మె మొదలయ్యాక మిల్లులు ఒక్కొక్కటీ మూతపడ్డాయి గానీ మనవాళ్ళు చాలామంది అక్కడే నిలిచారు. ఇంత కష్టం చేసిన మనుషుల పేరు పెట్టుకున్న చోటు, బయటివాళ్ళకు ఒకే ఒక్క పనికి గుర్తు. అక్కడ బతుకుదెరువు కోసం ఆ పని చేసే ఆడవాళ్ళను తక్కువ చేసి నేను ఈ మాట అనడం లేదు. అడ్రస్ చెప్పగానే మనిషిని చూడకుండా తీర్పు చెప్పేస్తారే, దాని గురించి అంటున్నాను. చెల్లె కాలేజీలో "ముంబై సెంట్రల్ దగ్గర" అని చెప్తుంది గానీ గల్లీ పేరు చెప్పదు.

ఈ అడ్రస్ జబ్బు ఇంటర్నెట్‌లో కూడా ఉంది, అచ్చం ఇలాగే. నెట్‌లో ప్రతి కనెక్షన్‌కూ ఐపీ అడ్రస్ అని ఒక నంబరు ఉంటుంది. ఆ నంబర్లు కరువైపోయి, మన దేశంలో మొబైల్ కంపెనీలు ఒక్క నంబరునే ఎంతోమందికి పంచుతాయి. ఒక చాల్‌లో అందరికీ కలిపి ఒకే నల్లా ఉన్నట్టు. ఇప్పుడు ఆ పంచుకున్నవాళ్ళలో ఎవడో ఒకడు వెధవ పని చేస్తే, ఆ నంబరుకే చెడ్డపేరు వస్తుంది. మధ్య దుకాణం దగ్గర కాపలావాడు ఆ నంబరు మీద ఎవరొచ్చినా ఆపి "నువ్వు మనిషివేనా?" అని అడుగుతాడు. ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలు ఏరమంటాడు. మరీ ఎక్కువైతే 403, 'లోపలికి రావద్దు' అంటాడు. లేదంటే 429, 'చాలాసార్లు అడిగావు, పో' అంటాడు. అడిగింది మనం ఒక్కసారే, కానీ ఆ నంబరు మీద వందమంది అడిగారు కదా! ఇట్లా అడ్రస్ పంచుకునేవాళ్ళు తమ తప్పు లేకుండానే ఎక్కువగా ఆగిపోతున్నారని క్లౌడ్‌ఫ్లేర్ ఇంజనీర్లే 2025లో లెక్కలు తీసి రాశారు. సొంతంగా అడ్రస్ ఉన్నవాడు తన పాటికి తాను పోతాడు, నల్లా పంచుకునేవాళ్ళే వరసలో నిలబడి తాము మనుషులమని రుజువు చేసుకోవాలి. కామాఠిపుర పిల్లకు ఇది కొత్త అనిపిస్తుందా?

సరే, మనం చదవడం నేర్చుకున్నాం అనుకుందాం. చదివి ఏం లాభం, కౌంటర్ దగ్గర మనిషి ఒప్పుకోకపోతే? నా అసలు గొడవ ఇక్కడే ఉంది. చివరి తేదీ పెట్టేవాళ్ళు తమ సర్వర్ పలకని గంటలను లెక్కలోకి తీసుకోవాలి. ఇది జరగని పని ఏమీ కాదు. 2025 సెప్టెంబర్ 15 ఆదాయపు పన్ను రిటర్నులకు చివరి రోజు. పోర్టల్ మొరాయిస్తోందని దేశమంతా ఫిర్యాదులు వచ్చాక ఆ రాత్రే గడువు 16 దాకా పెంచారు. పన్ను కట్టేంత ఆదాయం ఉన్నవాళ్ళకు ఒక రోజు దొరికింది. ఫీజు సాయం కోసం దరఖాస్తు పెట్టే పిల్లకు నాలుగు గంటలు ఎందుకు దొరకవు? ఆ సర్వర్ ఎన్నింటికి పడింది, ఎన్నింటికి లేచింది అనేది వాళ్ళ దగ్గరే రాసి ఉంటుంది. చూసుకోవడానికి ఐదు నిమిషాలు పట్టదు. 2021 ఏప్రిల్ 28 సాయంత్రం నాలుగింటికి 18 దాటినవాళ్ళకు టీకా రిజిస్ట్రేషన్ తెరిచినప్పుడు కోవిన్ ఎలా తడబడిందో, ఓటీపీల కోసం ఇంటింటా ఎలా కూర్చున్నామో గుర్తుంది కదా. తడబడినా ఆ ఒక్క రోజే కోటీ 30 లక్షలమందికి పైగా నమోదయ్యారు. అందరూ ఒక్కసారే వస్తారని తెలిసిన రోజుకు ఏర్పాటు చేసుకోవాల్సింది పిలిచినవాళ్ళు, వచ్చినవాళ్ళు కాదు. పెళ్ళికి పిలిచి భోజనాలు సరిపోకపోతే చుట్టాలను తిడతామా?

"చివరి రోజు దాకా ఎందుకు ఆగావు?" ఈ ప్రశ్న అందరూ అడుగుతారు. మన మేడమ్‌లు కూడా అడుగుతారు, ప్రేమతోనే. కానీ నాకు ఈ ప్రశ్న నచ్చదు. చెల్లెకు ఆదాయం సర్టిఫికెట్ చేతికొచ్చింది చివరి రోజుకు రెండు రోజుల ముందు. దానికి చిన్నాయన రెండు రోజుల కూలి పోగొట్టుకున్నాడు. ఇంట్లో ఫోన్ ఒకటి, అది పగలంతా మేస్త్రీతో మాట్లాడటానికి చిన్నాయన దగ్గరే ఉండాలి. ఇంట్లో పెద్దగా వెలుతురు లేదు, సర్టిఫికెట్ ఫొటో నీడ పడకుండా తీయడానికే ఒక పూట పట్టింది. ఇన్ని దాటుకుని గడువు లోపలే వచ్చింది ఆ పిల్ల. రాత్రి పన్నెండు దాకా అని రాసింది వాళ్ళే కదా, మరి ఎనిమిదింటికి వస్తే ఆలస్యం ఎలా అవుతుంది?

ఒకటి మాత్రం మనం చేసుకోగలిగింది ఉంది. ఎర్రర్ పేజీని మొత్తంగా స్క్రీన్‌షాట్ తీయండి, సగం కట్ చేయకండి. క్లౌడ్‌ఫ్లేర్ పేజీలో అంకెలు, అక్షరాలు కలిసిన రే ఐడీ అని ఒకటి ఉంటుంది. మీరు అడిగిన ఆ ఒక్క క్షణానికి అది రసీదు నంబరు లాంటిది. సైట్ నడిపేవాళ్ళు తలుచుకుంటే దానితో వెతికి చూడొచ్చు. దగ్గర్లోనే తేదీ, టైము కూడా ఉంటాయి. ఆ టైము మనది కాదు, యూటీసీ అంటారు, మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. చెల్లె రాత్రి 9 గంటలకు తీసిన పేజీ మీద మధ్యాహ్నం 3:30 అని పడింది. "పొద్దుగాల చూసి వదిలేసినవా?" అని అడిగితే చిన్నాయన దగ్గర జవాబు లేకపోయింది. ఐదున్నర కలిపి చెప్పాలని అప్పుడు మాలో ఎవరికీ తెలియదు, ఆ పేజీ మీద ఎక్కడా తెలుగులోనో మరాఠీలోనో హిందీలోనో రాసి లేదు.

మన డిపార్ట్‌మెంట్‌కు పని ఉందన్నది ఇక్కడే. బస్సు మీద ఊరి పేరు తెలుగులో ఉండాలని అడుగుతాం. మందు సీసా మీద అడుగుతాం. తలుపు మూసుకున్నప్పుడు ఎందుకు మూసుకుందో చెప్పే మాట మాత్రం ఇంగ్లీషులో ఉంటే చాలని ఎందుకు ఊరుకోవాలి? అయితే దయచేసి 'సంధాన కాలాతీత దోషం' లాంటివి తయారు చేయొద్దు. ఇంగ్లీషు రాని మా చిన్నమ్మకు ఆ సంస్కృతం కూడా రాదు. జనం ఇప్పటికే మాటలు చేసుకున్నారు. సర్వర్ డౌన్, సర్వర్ బిజీ, నెట్ లేదు, లోడ్ అయితలేదు. రేషన్ దుకాణం దగ్గర ముసలమ్మ కూడా "సర్వర్ పనిజేస్తలేదంట" అని చెప్పి తిరిగొస్తుంది. ఆ మాటల్తోనే రాయొచ్చు. 522 పేజీకి నేను రాసుకున్నది ఇది: "మీ ఫోన్ బాగానే ఉంది. మధ్యలో మా ముంబై కేంద్రం బాగానే ఉంది. ఆఫీసు సర్వర్ ఎంత పిలిచినా పలకడం లేదు. మీ ఫారం ఇంకా పోలేదు. ఇప్పుడు టైము రాత్రి 9:00. ఈ పేజీ దాచుకోండి." ఆరు చిన్న వాక్యాలు. ఇది ఆ రాత్రి చెల్లెకు కనిపించి ఉంటే జిరాక్స్ దుకాణానికి పోయేది కాదు, ఏడ్చేది కూడా కాదేమో. చిన్నాయన అదే కాగితం కౌంటర్ మీద పెట్టి తన భాషలో తనే చదివి వినిపించేవాడు.

వర్లీ బీడీడీ చాళ్ళల్లో 160 అడుగుల ఖోలీలు పోయి 500 అడుగుల ఫ్లాట్లు వస్తున్నాయి. 2025 ఆగస్టులో మొదటి 556 కుటుంబాలకు తాళాలిచ్చారు. కామాఠిపురకూ కొత్త బిల్డింగులు వస్తాయంటున్నారు. వస్తే ప్రతి ఇంటికీ ఫైబర్ వస్తుంది, మంచిదే. మొదటి బొమ్మ మీద ఆకుపచ్చ టిక్కు ఇంకా ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. మూడో బొమ్మ సంగతి మాత్రం ఆ బిల్డింగులు కట్టేవాళ్ళ చేతుల్లో లేదు.

520 నుంచి 525 దాకా, 403, 429, 500 వాటికి నేను రాసుకున్న తెలుగు వాక్యాలను ఈ పత్రిక పక్కన వేరే కాగితం మీద అంటిస్తున్నాను. 500కు నాకు ఇంకా సరైన మాట దొరకలేదు. లోపల ఏదో తిరగబడింది, ఏమిటో వాళ్ళకే తెలియదు అని దాని అర్థం. మీ ఇంట్లో అమ్మనో నాయనమ్మనో అడిగి, అట్లాంటప్పుడు వాళ్ళేమంటారో కింద పెన్సిల్‌తో రాసిపోండి.